తివాచీ నెవరి చేతి కీయవలెను?

పట్టుచీరను ఉదుకుటకు వేయునపుడు మనము పదిమార్లాలోచింతుము. అంచు రంగు దిగునేమో, జరీ నల్లబడునేమో యని విచారింతుము. నగకు మెఱుగు పెట్టింపవలసివచ్చిన నమ్మిన కంసాలి యొద్దకే పంపుదుము గాని వీధిని పోవువాని చేతి కీయము. తివాచీ విషయమున మాత్రమీ జాగ్రత్త మనలో నంతగా కానరాదు. కాళ్లక్రింద పడియుండు వస్తువు గదా యను తేలికభావమే యిందుకు కారణము. పండుగకు ముందెవరో యింటింటికి కాగితములు పంచిపోవుదురు; అందున్న నంబరునకు ఫోను చేయుదుము; వచ్చినవానికి తివాచీ చుట్టి యిచ్చివేయుదుము. కాని చేతితో ముడివేసి నేసిన ఉన్ని తివాచీ యొకటి తయారగుటకు నెలలు పట్టును. అది చెడుటకొక పూట చాలును.

మన పూర్వులీ వస్తువు నెఱుగనివారు కారు. తెలుగున రత్నకంబళి యను చక్కని మాట కలదు. ఏనుగు వీపున పఱచు చిత్రవర్ణముల కంబళికి అమరకోశమున ఆస్తరణము, పరిస్తోమము, కుథము మొదలగు పేర్లు చెప్పబడినవి. ఐనను సామాన్య గృహస్థుల యిండ్లకు చాపయు జంపఖానాయునే చిరపరిచితములు. తివాచీ యున్న యింట నది సాధారణముగా నొక్కటే యుండును; దానికొక కథయు నుండును.

మా యింట నున్నది ఏలూరి తివాచీ. తొమ్మిదడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు. ముదురెఱుపు నేల, నీలపు అంచు, నడుమ తీగెలు, పూలు. అఱువదేండ్ల క్రిందట మా యత్తగారి పెండ్లికి వారి తండ్రిగారు సారెతో పంపినది. అది మొదలు మా యింట ప్రతి శుభకార్యమునందును వియ్యాలవారు కూర్చుండుచోట దానినే పఱచుట ఆచారమైనది. ఈ మాఘమాసమున మా యాడుబిడ్డ కూతునకు నిశ్చితార్థము నిశ్చయమయ్యెను. తివాచీ విప్పి చూడగా నిరుటి వానల తేమకు ముక్కవాసన పట్టియుండెను. ఒక మూల పాత కాఫీ మరక. కాలు మోపిన చోటెల్ల సన్నని దుమ్ము లేచుచుండెను. మా యత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. ఆమె దాని ప్రక్క కూర్చుండి, "అమ్మాయీ, పిల్ల దీనిమీదే కూర్చోవాలి. కాని దీన్ని పాడుచేసేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి. ఇంకొకటి పంపడానికి మా నాన్నగారు లేరు" అనిరి.

బెజవాడలో తివాచీలను శుభ్రపఱచు కంపెనీలు మూడింటి పేర్లు తెలిసినవారు చెప్పిరి. మువ్వురును తామే నిపుణులమని చెప్పుకొనుచుండిరి. మా వారు బడిపంతులు. ఏ సందేహమైనను మూలగ్రంథము చూచినగాని తీరదని వారి మతము. "కడుగువారిని పరీక్షించుటకు ముందు, నేయువారి నడిగి వత్తము" అనిరి. రెండవ శనివారము బడి సెలవు. నిడదవోలులో ఉదయపు రైలెక్కితిమి.

మార్గశిరమాసము. తాడేపల్లిగూడెము దాటినది మొదలు రెండు ప్రక్కల వరికోతలు సాగుచుండెను. కొన్ని చేలలో కుప్పలు వేసియుండిరి. భీమడోలు దాటగా తూర్పుగాలి చల్లగా తగిలెను. ఏలూరు నీటియూరు. కృష్ణానది నుండి వచ్చు కాలువయు, గోదావరి నుండి వచ్చు కాలువయు నీయూరనే కలియును. తమ్మిలేరు ఊరి నొరసికొని పోయి కొల్లేట పడును. చిరకాలము పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై యుండిన యీయూరు, 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి తన పేరనే యేర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమైనది. మహమ్మదీయ ప్రభువుల కాలమున పారసీక దేశము నుండి వచ్చిన నేతగాండ్రిచట నిలిచి తివాచీ విద్యను నాటిరని ప్రతీతి. నేసినవానిలో నెక్కువభాగము విదేశములకే యెగుమతి యగుచుండుటచేత, తెలుగునేలపై పుట్టిన తివాచీని తెలుగు గృహిణి చూచుటయే యరుదైనది.

తంగెళ్లమూడి ప్రాంతమున విచారింపగా నొక నేతశాలకు త్రోవ చూపిరి. రేకుల కప్పు క్రింద నిలువు మగ్గములు రెండు. ఒకటి ఖాళీగా నుండెను. రెండవదాని యెదుట బల్లపై నిద్దఱు స్త్రీలు కూర్చుండి నేయుచుండిరి. పైదూలము నుండి క్రిందిదూలము వఱకు నూలు పడుగు వీణతంత్రులవలె బిగియగట్టబడి యున్నది. ఉన్ని పోగును రెండు పడుగు దారములకు చుట్టి, ముడివేసి, చిన్నకత్తితో కోయుదురు. మఱల నొక ముడి; మఱల కోత. వరుస ముగిసిన పిదప పేకను దూర్చి, దువ్వెనవంటి యినుప పనిముట్టుతో క్రిందికి దట్టింతురు. నేను చాలసేపు నిలిచి చూచితిని. అంతసేపటికి పని వ్రేలెడు కూడ పెరుగలేదు. మా తివాచీలో నిట్టి ముడులెన్ని యుండునో యని తలచినంతనే, దానిపై చెప్పులతో నడచినవారందఱు జ్ఞప్తికి వచ్చిరి.

మేము వచ్చిన పని విని, వారిలో పెద్దామె కత్తి ప్రక్కనబెట్టి యిట్లు చెప్పెను: "అమ్మా, పైకి కనబడేది ఉన్ని. దాన్ని పట్టుకొని ఉన్నది లోపలి నూలు. ఉన్ని తడిసినా ఆరుతుంది. నూలు లోలోపల తడిగా ఉండిపోతే కుళ్లుతుంది. అప్పుడు తివాచీ మడిస్తే పటపటమంటుంది. ఆ చప్పుడు విన్న తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"మఱి కడగడం తెలిసినవాడిని గుర్తుపట్టేదెట్లా అక్కా?" అని నేనడిగితిని.

"ముందు వెనక్కి తిప్పి చూస్తాడమ్మా. ముందువైపు చూసి వెల చెప్పేవాడికి ఇవ్వకండి" అని యామె నవ్వెను.

తరువాత మగ్గము వెనుకకు మమ్ము పిలిచి చూపెను. ముడివేసి నేసిన తివాచీకి ముందున్న పువ్వే వెనుకను స్పష్టముగా కనబడును. అంగళ్లలో చౌకగా వచ్చు మఱియొక రకము కలదు. దానిలో ఉన్నిని సూదియంత్రముతో గుడ్డలోనికి గ్రుచ్చి, జారిపోకుండ రబ్బరు జిగురు పూసి, వెనుకను మఱియొక గుడ్డ నంటింతురు. అట్టిదానిని నీట నానబెట్టినచో జిగురు విడిపోవును, వాసన పట్టును. మూడవది పూర్తిగా మరలపై కృత్రిమ నారతో నేసినది. ఈ మూడింటికిని కడుగువిధానము వేఱు. కావుననే వెనుకవైపు చూడనివాడు తన చేతిలో నున్నదేదో యెఱుగడని యామె భావము.

ఈ విద్య పుట్టిన దేశమున కడుగుటకు నెంత గౌరవమున్నదో యామె మాటలు వినుచుండగా నాకు తోచెను. టెహరాను చేరువనున్న రే పట్టణమున చెష్మే అలీ యను నూట కలదు. పూర్వమచట తివాచీలను పాఱునీట కడిగి, ప్రక్కనున్న బండలపై నెండకు పఱచెడివారు. కాషాను ప్రాంతమున మష్హదె అర్దెహాల్ అను చోట, ప్రతి సంవత్సరము శరదృతువున, సుల్తాన్ అలీ యను పుణ్యపురుషుని స్మృతికై వేలకొలది జనులు చేరి, యొక తివాచీపై పన్నీరు చల్లి, దానిని పాఱునీటి కడకు మోసికొనిపోయి కఱ్ఱలతో కడుగు నాచారమును జరుపుదురు. ఆయన దేహమును తివాచీపైనే మోసి తెచ్చి కడిగిరని వారి విశ్వాసము. ఈ యాచారమును 2012లో యునెస్కో వారు మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించిరి. ఊట యేదైనను, యంత్రమేదైనను మూలసూత్రములు మాఱవు: మొదట దుమ్ము పోవలెను, పిదప నీరు పాఱవలెను, తుదకు వేగముగా నాఱవలెను.

మఱునాడు ఆదివారము. ముందే చెప్పి యుంచి, తివాచీని కారులో బెజవాడకు పట్టించుకొని పోతిమి. మొదటి కంపెనీవారితో నడుగు పెట్టకమునుపే తీరిపోయెను. ఫోనులోనే, "ఏ తివాచీ అయినా ఒకటే రేటు, రేపు సాయంకాలానికి ఇచ్చేస్తాం" అనిరి. అది ఉన్నియా, నైలానా, నూలా యని యడుగలేదు. నానిన ఉన్ని తివాచీ ఒక్క దినమున లోపలివఱకు నాఱుట యెట్లని మా వారడుగగా, "పైన ఆరితే చాలు కదండీ" అని ప్రత్యుత్తరము. నేతశాలలో విన్న పటపటమను చప్పుడు నాకు మఱల వినబడినట్లయ్యెను.

రెండవవారిది పెద్ద కార్యాలయము. అద్దాల గది, చల్లని గాలి, గోడలపై చిత్రములు. వారి యంత్రము చూడముచ్చటగా నుండెను. దుమ్మును పీల్చు యంత్రమునకు మంచి చరిత్రయే కలదు. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను నింజనీరు దానిని నిర్మించెను. అది యెంత పెద్దదనగా, గుఱ్ఱపుబండిపై వీధిలో నిలిపి, కిటికీలగుండ పొడవైన గొట్టములను ఇండ్లలోనికి పంపెడివారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను దానితోనే శుభ్రపఱచిరి. అంతకు మునుపే, 1876లో, అమెరికాలో మెల్విల్ బిస్సెల్ తివాచీలను ఊడ్చు చిన్నయంత్రమునకు హక్కుపత్రము పొందెను. అతడు 1889లో మరణింపగా, భార్య అన్నా బిస్సెల్ కంపెనీ బాధ్యత తానే వహించి దానిని దేశదేశముల ప్రసిద్ధమొనర్చెను. ఇల్లూడ్చు పనియందు స్త్రీకి తెలిసినది వ్యాపారమునకును పనికివచ్చునని యా యిల్లాలు నిరూపించినది.

కాని మంచి యంత్రమున్నంతమాత్రమున మంచి చేయి యున్నట్లు కాదు. ఆ కార్యాలయమువారు వెల చెప్పిరి, రసీదు పుస్తకము తెఱచిరి. తివాచీని మాత్రము విప్పలేదు. ఆఱబెట్టు స్థలము చూపుమని నేనడుగగా, "కస్టమర్లను లోపలికి రానివ్వము" అనిరి. వెనుక తలుపు తెఱచి మూసినపుడు వచ్చిన ముక్కవాసన మా యింటి తివాచీ వాసనకంటె నెక్కువగా నుండెను. నమస్కరించి వచ్చితిమి.

మూడవది ఊరి వెలుపలి పెంకుటింటి వసారా. తండ్రియు కొడుకును మఱి నలుగురు పనివారును. తండ్రి మితభాషి, నిండుకుండ తొణకదు గదా. మేము తివాచీ దించగానే ఆయన వెలమాట యెత్తలేదు. దానిని బోరగిల త్రిప్పెను. మా వారు నావైపు చూచి చిఱునవ్వు నవ్విరి. ఆయన వ్రేలితో ముడుల ననుసరించి చూచి, "ఏలూరుది. పాతది" అనెను. పిదప నెన్నేండ్లది, ఎక్కడ పఱచుదురు, మునుపెవరైన కడిగిరా, మరక దేనిది, ఎన్నాళ్లది, ఎప్పటికి కావలెను అని వరుసగా నడిగెను. తెల్లగుడ్డను తడిపి, ఎఱుపుపై నొకసారి, నీలముపై నొకసారి, పచ్చపై నొకసారి కొంతసేపు నొక్కిపట్టి చూపెను. నీలము, పచ్చ కదలలేదు. ఎఱుపు మాత్రము గుడ్డకు లేతగా నంటెను.

"అమ్మా, ఇది చూశారు కదా. నీళ్లలో ముంచితే ఎఱుపు పక్క రంగుల మీదికి పోవచ్చు. పైపైన దుమ్ము తీసి, తుడిచి ఇవ్వమంటే భయం లేదు. కాని వాసన పూర్తిగా పోదు. పూర్తిగా కడగమంటే ముంచకుండా, చల్లని నీళ్లలో కొంచెం వెనిగరు కలిపి, జానెడు జానెడు చొప్పున చేత్తో కడుగుతాను. పన్నెండు రోజులు పడుతుంది. కాఫీ మరక తేలుతుంది గాని పోదు. రంగుకు నేను పూచీ ఇవ్వలేను. ఇంటి పెద్దను అడిగి చెప్పండి" అనెను.

వస్తువు మాది కాదు, మా యత్తగారిది. అచటి నుండియే ఆమెకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, "పోదని చెప్పినవాడు ఎవరు?" అని యడిగిరి. మూడవ కంపెనీవారని చెప్పితిని. "అయితే అతనికే ఇవ్వండి. పూర్తిగా కడగమనండి. వాసనవేసే దానిమీద పిల్లను కూర్చోబెట్టలేము. నేను దాన్ని దాచుకొని ఏమి చేసుకోవాలి?" అనిరి. ఆ పన్నెండు దినములును ఆమె తివాచీ ప్రసంగమే తేలేదు. కాని వీధిలో బండి యాగిన చప్పుడైనప్పుడెల్ల తల యెత్తుచుండిరి.

పదుమూడవనాడు తివాచీ వచ్చెను. ఎఱుపొక్క అంచుకడ మాత్రము నీలపుతీగెకు సన్నని నీడవలె తగిలియున్నది, చూపినగాని తెలియదు. కాఫీ మరక ఆయన చెప్పినట్లే లేతబడి నిలిచియున్నది. ముక్కవాసన లేదు. మా యత్తగారు ముందు వెనుకవైపు తడిమి చూచిరి, పొడిగా నుండెను. పిదప కుచ్చు వాలిన దిక్కుగా అరచేయి నడిపి, "మా నాన్నగారు ఇట్లాగే రాసి చూపించారు" అని మాత్రమనిరి.

ఈ యనుభవమువలన తెలిసికొన్న విషయములను సోదరీమణుల కుపయోగపడునట్లు చెప్పుదును. కంపెనీవారు మొదట మీ తివాచీ దేనితో చేయబడినదో చూచిరా లేదా గమనింపుడు. దుమ్ము దులుపుట మొదటి మెట్టని చెప్పవలెను. మొదట్లో దిగిన యిసుకరేణువులే నడచినపుడెల్ల కత్తులవలె పోగులను కోయును. దుమ్ము తీయక తడిపినచో నది బురదయగును. రంగు పరీక్ష మీ కన్నులయెదుట చేయవలెను. ఏ సబ్బు వాడుదురో యడుగుడు. ఉన్ని మన కురులవంటిదే. రెండును నొక్క జాతి మాంసకృత్తుతో నైనవి. కురులకు బట్టల సోడాయు మరుగునీరును పట్టింతుమా? క్లోరిన్ గల బ్లీచింగు ద్రవము ఉన్నిని కరగించివేయును. నూలుబట్టలకు వాడు కొన్ని సబ్బుపొడులలోని ఎంజైములును దానిని తినివేయును. కారము లేని మెత్తని సబ్బునే వాడవలెను.

ఆఱబెట్టుచోటు చూపనివారికి తివాచీ నీయకుడు. ఉన్ని తన బరువులో మూడవవంతు వఱకు నీటియావిరిని పీల్చుకొనియు పైకి పొడిగానే తోచును. కావున పైన తాకి చూచి మోసపోరాదు. వెల చదరపుటడుగుల లెక్కను చెప్పించుకొనుడు. మా తివాచీ తొమ్మిదాఱుల యేబదినాలుగు చదరపుటడుగులు. కొలత మీ యెదుట జరుగవలెను, మరకకు, మోతకు వేఱుగా నేమైన పుచ్చుకొందురేమో ముందే తేల్చుకొనవలెను. చిఱుగులు, మరకలు, కొలతలు రసీదుపై వ్రాయించి, నాలుగు మూలల ఫోటో తీసికొనుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము వెలయిచ్చి పొందు సేవకు బిల్లు ఈయకుండుట అనుచిత వ్యాపారపద్ధతి. నష్టము కలిగినచో జిల్లా వినియోగదారుల కమిషను నాశ్రయింపవచ్చును. అందుకు రసీదే యాధారము.

అన్ని తివాచీలకును ఇంత శ్రమ యక్కఱలేదు. కృత్రిమ నారతో చేసిన గదినిండ పఱచు తివాచీని, వేడినీటిని చిమ్మి వెంటనే పీల్చు యంత్రముతో నింటనే శుభ్రపఱపింపవచ్చును. దీనినే స్టీమ్ క్లీనింగందురు గాని నిజమున కది యావిరి కాదు, వేడినీరే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఓరుగల్లు జంపఖానాలవంటి నూలు నేతకు కుచ్చులేదు. రంగు పరీక్షించుకొని యింటనే ఉదుకుకొనవచ్చును. ఉన్ని తివాచీని మాత్రము వాడనపుడు మడువక చుట్టవలెను. ప్లాస్టికు కాక నూలు దుప్పటి చుట్టవలెను. చీకటిలో కదలకుండ పడియున్న ఉన్నినే చిమ్మటపురుగు తినును. కావున రెండు మూడు నెలల కొకసారి విప్పి, బోరగిల త్రిప్పి దులిపి, గాలికి పఱచుట మంచిది.

తంగెళ్లమూడి నేతశాలలో ఖాళీగా నున్న రెండవ మగ్గమును గూర్చి యడుగగా, దానిపై నేసిన పిల్లలు వేఱుపనులకు పోయిరని పెద్దామె చెప్పెను. ఏలూరు వెళ్లు సోదరీమణులు కొల్లేటి పక్షులను చూచుటతో తృప్తిపడక, అచట నొక మగ్గము ముందర గడియసేపు నిలువవలెనని నా మనవి. తివాచీ వెనుకవైపెట్లుండునో యచట చూచినవారు, దాని నెవరి చేతి కీయవలెనో మఱియొకరి నడుగనక్కఱలేదు.